ఆపడానికి ఎంత?

ఇంజను లేని కారులో దశరథరామయ్యగారు స్టీరింగు పట్టుకుని కూర్చున్నారు.

పొద్దున్నే కాఫీ తాగి, కండువా భుజాన వేసుకుని, గొడ్లచావిడి పక్కనున్న రేకుల షెడ్డులోకి వెళ్ళి, ఆ పాత షెవర్లే తలుపు తీసి లోపల కూర్చున్న మనిషి భోజనాల వేళ దగ్గరపడుతున్నా దిగలేదు.

"దిగండి నాన్నా. ఊరంతా నవ్వుతోంది," అన్నాడు అంకారావు.

"నవ్వనీ. తండ్రికి తెలీకుండా ఇంజను ఊడదీసి పట్టుకుపోయిన కొడుకుని చూసి నవ్వుతోందో, నన్ను చూసి నవ్వుతోందో సాయంత్రానికి తేలుద్ది."

"ఎక్కడికీ పోలేదు. దేవానందం మెకానిక్ షెడ్డులోనే ఉంది."

"ఉండాల్సింది అక్కడ కాదు, ఇక్కడ!" ఆయన చేత్తో ముందుకి చూపించారు. పైకెత్తిన బానెట్టు కింద బోసిగా ఉంది. తెగిన వైర్లు రెండు గాలికి ఊగుతున్నాయి. "బసవపున్నయ్య విస్సన్నపేట నుంచి పూలదండతో వస్తాడు సాయంత్రం. కొబ్బరికాయ కొట్టి, పెళ్ళి ఊరేగింపులకి అద్దెకి తిప్పుకుంటానని మోజుపడి మరీ వస్తాడు. బయానా పుచ్చుకున్నవాణ్ణి నేను. ఏం చూపించమంటావు, ఈ బోలు డబ్బానా?"

"ఫిబ్రవరిలో షోలవరం పందెం ఉందని తెలిసే కదా మీరు అమ్మకానికి పెట్టారు?"

"పెట్రోలు ధర చూసి పెట్టా. ఇంట్లో ఏనుగుని మేపలేక పెట్టా."

"కాదు. నేను ఓడిపోవాలని పెట్టారు."

దశరథరామయ్యగారు మొహం గోడవైపు తిప్పుకున్నారు.

వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న సీతారావమ్మగారు కోడలి వైపు తిరిగారు. "ఆ నత్తగుల్ల ఏ ముహూర్తాన ఈ ఇంట్లోకొచ్చిందో గానీ పార్వతీ, తండ్రీ కొడుకుల మధ్య నిప్పు పెట్టింది."

నత్తగుల్ల అంటే టర్బో. సాగరు కాలువ పనులయ్యాక అక్కడి పాత మిషన్లు వేలం వేస్తుంటే అంకారావు పాడుకొచ్చాడు. రాతికి బెజ్జాలు వేసే పెద్ద మిషనులోదట. నిజంగానే నత్తగుల్లలా చుట్టతిరిగి ఉంటుంది. దాన్ని ఈ కారుకి బిగించి, మద్రాసు పక్కన షోలవరంలో జరిగే కార్ల పందెంలో గెలవాలని అతని పంతం.

మొగుడు గేటు తోసుకుని విసవిసా వెళ్ళిపోవడం చూసింది శివపార్వతి. ఆరేళ్ళ కాపురంలో ఆ నడక ఆవిడకి కొత్త కాదు. రైసుమిల్లులో వాటా తీసుకున్నాడు, మధ్యలో వదిలేశాడు. లారీ కొన్నాడు, ఏడాది తిరక్కుండా అమ్మేశాడు. కోళ్ళఫారం పునాదుల దగ్గరే ఆగింది. ఆరంభశూరుడని ఊళ్ళో పేరు. ఈ ఒక్క కారు విషయంలోనే రెండేళ్ళుగా పట్టు వదలకుండా ఉన్నాడు. మొదలుపెట్టింది ఒక్కటైనా అతని చేతులమీదుగా చివరిదాకా వెళ్ళడం చూడాలని ఆవిడ కోరిక. ఎవరితోనూ అనలేదు గానీ, అది చిన్న కోరిక కాదు.

గ్లాసు నిండా మజ్జిగ పోసుకుని షెడ్డులోకి వెళ్ళింది.

"మామయ్యగారూ."

"దిగనమ్మా. అన్నానికి పిలవకు."

"పిలవడానికి రాలేదు." అటువైపు తలుపు తీసి, మామగారి పక్కసీట్లో కూర్చుంది. ఎదురుపడితే పక్కకి తప్పుకునే కోడలు అలా పక్కన కూర్చునేసరికి ఆయన కంగారుపడి కొంచెం జరిగారు. మజ్జిగ అందుకున్నారు. సగం తాగారు.

"ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోరుగా? బయానా తిరిగిచ్చేస్తే బసవపున్నయ్యగారు కాదనరు. ఆ సంగతి మీకూ తెలుసు. మీ పట్టుదల అందుకు కాదు."

ఆయన గ్లాసు ఒళ్ళో పెట్టుకున్నారు.

"పోయినేడు వాడు షోలవరం నుంచొచ్చి ఏం చెప్పాడు నీకు?"

"రేడియేటరు మరిగిపోయి కారు ఆగిపోయిందన్నారు."

"ఆగలేదమ్మా. అదే వచ్చిన చిక్కు."

శివపార్వతి తలతిప్పి చూసింది.

"నేనూ వెళ్ళాను. మీ అత్తకి తిరుపతని చెప్పి మద్రాసు రైలెక్కాను."

"మరి ఆ ప్రసాదం?"

"సెంట్రల్ ఎదురుగా మిఠాయి కొట్లో కొన్న లడ్లు. వెంకటేశ్వరస్వామి క్షమిస్తాడులే." ఇంకో రోజైతే ఆవిడ నవ్వేదే. ఆయన ముఖం చూసి నవ్వు రాలేదు. "జనంలో తాడు పట్టుకు నిలబడ్డా. ఎదురుగా మలుపు. అన్ని కార్లూ అక్కడికొచ్చేసరికి తగ్గుతున్నాయి. మనది తగ్గలా. పొగరనుకున్నా. దగ్గరికొచ్చాక వాడి మొహం కనపడింది. సీట్లోంచి లేచి మరీ తొక్కుతున్నాడమ్మా బ్రేకు. కారు వినట్లేదు. గడ్డిమోపుల్ని గుద్దుకుని, గిర్రున తిరిగి, నాకు పది బారల్లో ఆగింది. నేను జనం వెనక్కి జరిగిపోయా. నన్ను చూస్తే వాడికి తలకొట్టేసినట్టుంటుందని."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే వాడు అబద్ధమాడాడని తేలుద్ది. నేనూ ఆడానని తేలుద్ది." గ్లాసు ఆవిడ చేతికిచ్చారు. "ఇప్పుడు దానికి ఇంకా బలం పెడతాడట. కారుంటే కదా పెట్టేది. అందుకే అమ్మా అమ్మకం."

శివపార్వతి దిగింది. పమిట సర్దుకుని, అత్తగారితో "దేవానందంగారి షెడ్డు దాకా వెళ్ళొస్తానండీ" అని చెప్పి, ఆవిడ ఔననేలోగానే గేటు దాటింది.

దేవానందం షెడ్డు విస్సన్నపేట రోడ్డు మీద ఉంది. అతను మిలిటరీలో బళ్ళు బాగుచేసి, తర్వాత కాలువ పనుల్లో బుల్డోజర్లు చూసుకుని, ఆ ఉద్యోగం వదిలి సొంతంగా ఈ షెడ్డు పెట్టుకున్నాడు. పనిలో దిట్ట, మాటలో కటువు. తనని ఎవరైనా ఒరే అంటే చేతిలో పనిముట్టు కింద పెట్టేస్తాడని ఊళ్ళో చెప్పుకుంటారు.

అతని భార్య రిబ్కా ఎదురొచ్చి స్టూలు తుడిచి వేసింది. లోపల మగవాళ్ళిద్దరూ నేలమీద సుద్దముక్కతో గీసిన బొమ్మ చుట్టూ గొంతుక్కూర్చుని ఉన్నారు. పక్కనే చెక్క దిమ్మల మీద ఇంజను, గోనెపట్టా మీద టర్బో.

"నువ్వెందుకొచ్చావు? దిగారా నాన్న?" అన్నాడు అంకారావు.

"లేదు. మీ లెక్కేమిటో నాకూ చెప్పండి, విందామని వచ్చాను."

అతనికి ఆశ్చర్యమేసింది. ఆ వెంటనే ఉత్సాహమొచ్చింది. "చూడు, పొగగొట్టంలోంచి వేడి పొగ ఊరికే బయటికి పోతుందా? అది ఈ చక్రాన్ని తిప్పుతుంది. ఇవతలి చక్రం గాలిని పట్టి ఇంజన్లోకి కూరుతుంది. గాలి ఎంత ఎక్కువైతే పెట్రోలు అంత మండుతుంది, అంత బలం. మద్రాసులో పిస్టన్లు ప్రత్యేకంగా పోయించాలి. వాటికీ, క్యాము షాఫ్టుకీ రెండువేలు. మిగతా పైపులకీ, ఆయిలు లైనుకీ, రాగి పలకకీ, పంపుకీ, పందెం ఫీజుకీ, పెట్రోలుకీ కలిపి నాలుగు. మొత్తం ఆరువేలు."

"మీ చేతిలో ఎంతుంది?"

"మోటారుసైకిలు అమ్మింది రెండున్నర."

"సరే. ఇంతా చేస్తే కారు ఎంత వేగం పోతుంది?"

"పోయినేటికంటే ముప్ఫై మైళ్ళు ఎక్కువే పోతుంది!"

శివపార్వతి సుద్దగీతల వంక చూసింది. "మరి ఆపడానికి ఎంత పెట్టారు?"

అంకారావు దేవానందం వైపు చూశాడు. దేవానందం ఇంజను వైపు చూశాడు.

"బ్రేకులు ఉన్నాయిగా," అన్నాడు అంకారావు చివరికి.

"పోయినేడు కూడా ఉన్నాయి. గడ్డిమోపుల దాకా ఉన్నాయి."

అతను దిగ్గున లేచాడు. "ఎవరు చెప్పారు? దేవానందం, నువ్వేనా?"

"నేను కాదండి. చెప్పొద్దన్నారు, చెప్పలేదు. కానీ బ్రేకుల సంగతి మీకు రెండుసార్లు చెప్పాను. వాటి డబ్బు ఈ లెక్కలో పిస్టన్లకి మళ్ళించింది మీరే," అన్నాడు దేవానందం.

"నీకు భయమని చెప్పలేదు పార్వతీ."

"నాకు భయమని కాదు. మీకు సిగ్గని." ఆవిడ గొంతు పెంచలేదు. "పందెం మానమని నేననను. ఒకసారి మొదలుపెట్టాక మానడం నాకిష్టం లేదు. ఇంకోసారి సగంలో ఇంటికొస్తే ఇక మీరు దేనికీ లేవలేరు. దేవానందంగారూ, బ్రేకులు బాగుపడాలంటే ఏం కావాలి?"

"కొత్త లైనింగులు, డ్రమ్ములు లేతు మీద తిప్పించాలి, వేడి పోవడానికి గాలి దారులు, మంచి టైర్లు నాలుగు. రెండున్నర వేలకి తక్కువ కాదండి."

"అయితే ఉన్న రెండున్నరా బ్రేకులకే. ఇంజనుకి ఎంత తగ్గించగలరు?"

"అంతా బ్రేకులకే పెడితే ఇంజనుకేముంటుంది? పూలదండా?" అని అరిచాడు అంకారావు.

"వినగడపలో మా అమ్మ ఇచ్చిన మామిడితోట ఉంది. ఈ ఏడు కాపు అమ్మేస్తాను. నాలుగువేలు వస్తాయి."

"పూతైనా రాకముందా? పూతొచ్చాక అమ్మితే ఏడు పలుకుద్ది!"

"పూతొచ్చేదాకా పందెం ఆగదుగా."

దేవానందం లేచి, టర్బో దగ్గరికి వెళ్ళి, దాని చక్రాన్ని వేలితో తిప్పాడు. అది చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. "నాలుగువేలంటే మద్రాసు పిస్టన్లు కుదరవు. పాతవే ఉంచి, వాటి మీద ఒత్తిడి తగ్గేలా హెడ్డు కింద మందపాటి రాగి పలక వేస్తాను. పన్నెండు పౌన్ల ఒత్తిడితో గాలి కూరాలనుకున్నాం, ఏడుతో సరిపెట్టాలి. ఏడు దాటితే బయటికి వదిలేసే వాల్వు ఒకటి పెడతా, మీ కుక్కరు మీద వెయిటు ఉంటుందే, అలాంటిది. దాన్నెవరూ బిగించకూడదు." ఆ చివరి మాట అంకారావుని చూసి అన్నాడు.

"ఏడు పౌన్లతో గెలుస్తామా?" అన్నాడు అంకారావు.

"గెలుస్తామో లేదో చెప్పలేను. చివరిదాకా పోతుందని మాత్రం చెప్పగలను."

"చివరిదాకా పోవడానికి ఎడ్లబండి చాలదూ?"

శివపార్వతి లేచింది. "ఆ ఎడ్లబండి కూడా మీరు చివరిదాకా తోలింది నేను చూడలేదండీ."

ఆ మాట వెనక్కి తీసుకోకుండానే ఇంటికొచ్చి, లెక్కంతా మామగారికి చెప్పింది.

సాయంత్రం బసవపున్నయ్య నిజంగానే పూలదండతో దిగాడు. పొట్టిగా, గుండ్రంగా, అత్తరు వాసనతో. కారు చుట్టూ తిరిగి మురిసిపోయి, కుంకుమ పెట్టడానికి బానెట్టు దించబోయి ఆగిపోయాడు. వంగి లోపలికి చూశాడు. తర్వాత కిందికి కూడా చూశాడు, జారి కింద పడిందేమోనన్నట్టు.

"దశరథరామయ్యగారూ, గుడి చూపించి దేవుణ్ణి దాచారేంటండి?"

"పెట్టించి ఇస్తాను. మాట తప్పను," అన్నారు కారులోంచే ఆయన.

శివపార్వతి ముందుకొచ్చింది. అప్పటికే వచ్చిన అంకారావు, దేవానందం ఇద్దరూ రేకుల షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నారు. "బాబాయిగారూ, కారు మీదే. మా మామయ్యగారి మాట పోదు. కాకపోతే ఫిబ్రవరి పందెం అయ్యాక తీసుకెళ్ళండి. కొత్త బ్రేకులు, కొత్త టైర్లు వేసి, అనుకున్న ధరకే ఇస్తాం. టర్బో తీసేసి మామూలు ఇంజను చేసి ఇస్తాం."

బసవపున్నయ్య గడ్డం గోక్కున్నాడు. "మాఘమాసం ముహూర్తాలు పోతాయమ్మా."

"వైశాఖం ఉందిగా. ఊరేగింపులో జనం మధ్య పోయే కారండీ, బ్రేకులు మంచివి కావద్దూ?"

అతను ఒకసారి కారునీ, ఒకసారి ఆవిడనీ చూసి పకపకా నవ్వాడు. "నా లాభం నాకే చెప్పి ఒప్పించావు. సరే. వైశాఖానికి." బానెట్టు దించి, పూలదండ దాని మీద వేసేసి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

"నా కారు అమ్మేశావన్నమాట," అన్నాడు అంకారావు, అతను గేటు దాటగానే.

"అమ్మింది మామయ్యగారు. పందెం దాకా నేను నిలబెట్టాను."

అప్పుడు దిగారు దశరథరామయ్యగారు. పొద్దుటినుంచీ కూర్చున్న కాళ్ళు తిమ్మిరెక్కి తలుపు పట్టుకుని నిలబడ్డారు. కొడుకు చెయ్యి అందించాడు. ఆయన పట్టుకోలేదు.

"కోడలు చెప్పినట్టే చెయ్యండి. పూత రాని తోట కాపు అమ్మే పని లేదు, ఆ నాలుగువేలు నేనిస్తా. ఒక్కటే షరతు. పందెంలో కారు నువ్వు నడపకూడదు. దేవానందం నడపాలి."

"ఏమిటీ?"

"మిలిటరీలో కొండల మీద బళ్ళు నడిపినవాడు. ఎక్కడ ఆపాలో తెలిసినవాడు."

"పోయినేడు ఏం జరిగిందో మీకూ తెలుసా?" అంకారావు తండ్రినీ భార్యనీ మార్చి మార్చి చూశాడు. "నా వెనక ఇదంతా మాట్లాడుకున్నారన్నమాట. రెండేళ్ళ నా కష్టం... మా ఇంటి పేరుమీద పోయే కారు... ఒక..."

నోరు మూసుకున్నాడు. కానీ ఆ 'ఒక' అందరికీ వినపడింది. తర్వాత రావాల్సిన మాటా వినపడింది.

దేవానందం మెల్లిగా చేతులు తుడుచుకున్నాడు. "పూర్తిచెయ్యండి అంకారావుగారూ. ఒక ఏంటి?"

సీతారావమ్మగారు లోపల దీపం వెలిగిస్తున్నవారల్లా ఆగిపోయారు.

"అది కాదు దేవానందం..."

"నేను నడుపుతానని ఎవరితోనూ అనలేదండి. నన్నెవరూ అడగలేదు కూడా. మామ, కోడలు, కొడుకు, అందరూ నా గురించి తేల్చేశారు. నేనిక్కడే నిలబడి ఉన్నాను."

దశరథరామయ్యగారు తలవంచుకున్నారు. అంకారావు భార్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు పార్వతీ. నేను నడపొద్దా?"

అందరూ ఆవిడ మాట కోసం చూశారు. మొగుడి కళ్ళలోకి చూడటం ఆవిడకి ఎన్నడూ అంత కష్టమనిపించలేదు.

"మీరిప్పుడు ఆపుకోలేకపోయిన మాట విన్నానండీ. బ్రేకుల డబ్బు పిస్టన్లకి మళ్ళించిన సంగతీ విన్నాను. ఈ ఏడు మీరు నడపొద్దు."

అతను ఈసారి విసవిసా నడవలేదు. నెమ్మదిగా, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. పిలుస్తుందేమోనని గేటు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆవిడ పిలవలేదు.

సీతారావమ్మగారు వచ్చి భర్త చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు.

శివపార్వతి దేవానందం ఎదురుగా నిలబడింది. "మిమ్మల్ని అడక్కుండా మాట్లాడటం తప్పే. ఇప్పుడు అడుగుతున్నాను. నడుపుతారా?"

"ఆలోచించుకోవాలండి. ఇంట్లో కూడా అడగాలి. ఒప్పుకుంటే పందెం కాయితాల మీద నా పేరుండాలి, కారు తలుపు మీద నా షెడ్డు పేరుండాలి. పోయినేడు పేపర్లో పడ్డ ఫొటోలో నా భుజం ఒక్కటే ఉంది."

"ఉంటుంది. నేను మాటిస్తున్నాను."

అతను ఏదో అనబోతుండగా రోడ్డు వైపునుంచి రిబ్కా రొప్పుతూ వచ్చింది. చెయ్యి గుండెలమీద పెట్టుకుని ఊపిరి తీసుకుంది.

"అంకారావుగారు షెడ్డుకొచ్చారమ్మా. నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ నత్తగుల్లని గోనెసంచిలో చుట్టుకుని బెజవాడ బస్సెక్కేశారు."

దేవానందం రోడ్డు వైపు రెండడుగులు వేశాడు. "టర్బో తీసుకుపోయారా? బెజవాడలో దాన్నేం చేస్తారు?"

శివపార్వతి కారు వైపు తిరిగింది. బానెట్టు అంచు పట్టుకుంది. పట్టుకున్న చేతికి బసవపున్నయ్య వేసిన దండ చల్లగా తగిలింది. తీసి పక్కన పెట్టింది.

"రేపు పొద్దున్నే వచ్చి చక్రాలు విప్పండి దేవానందంగారూ. డ్రమ్ములు లేతుకి పంపాలి."

"టర్బోయే లేకపోతే ఆ బ్రేకులెందుకమ్మా?"

"దానికి సరిపోయే ఇంజను మీ షెడ్డులో ఉంది. మా ఆయన సంగతి నాకు తెలుసు, ఆ ఇంజనుని వదిలి ఎంతోకాలం ఉండలేరు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఉన్నా సరే. పని ఆగదు. మీరు రండి."